క్లారినెట్ అమ్మాయి దిగిపోయిన పాట

బడి వదిలాక బ్యాండు గదిలో మాస్టారు ఒక్కరే కుర్చీలు సర్దుకుంటున్నారు. క్లారినెట్ వాయించే అమ్మాయి తల్లి, కుట్టుపని చేసుకునే ఆవిడ, పెట్టె పట్టుకుని లోపలికొచ్చింది.

“ఇదిగోండి మాస్టారూ, బడి క్లారినెట్. తుడిచి తెచ్చాను, చూసుకోండి.”

“చూసుకునేదేముందమ్మా... అమ్మాయి రాలేదా?”

“బయట మెట్ల మీదుంది.”

“ఏమన్నారు?”

“మెట్ల మీద కూర్చుందన్నాను. మాస్టారి మొహం చూడలేనంటోంది.”

“ఇటు వచ్చి కూర్చోండి. అటు కాదు, ఈ పక్కకి. ఆ, ఇక్కడ.”

“కూర్చోనండీ. క్షమించమని అడిగి పోదామని వచ్చాను. వార్షికోత్సవం నాడు, అంతమంది ముందు, మా పిల్ల మీ పరువు తీసింది.”

“పరువంటే... పోనీలెండి. పిల్లలన్నాక...”

“పోనీలే అంటే ఎలాగండీ? ఉన్నట్టుండి పాట చెడి, జనం నవ్వి, మీరు వేలు చూపించి ‘తప్పంతా నీదే, దిగిపో’ అన్నారంటే ఎంత ఘోరంగా వాయించి ఉండాలి! నేను మూడో వరసలోనే ఉన్నాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.”

“మీకు... మీకెలా వినిపించిందమ్మా?”

“నాకేం తెలుసు, కుట్టుమిషను చప్పుడు తప్ప! బాగానే ఉందనిపించింది. కన్నతల్లి చెవులు కదా.”

“వచ్చే ఏడు నేను చెప్పే సంగీతం కోర్సుకి పేరిచ్చిందా? రేపే ఆఖరు.”

“ఇవ్వదట. ఎందుకే అంటే చెప్పదు. పనికిరానని దానికే తెలిసిపోయినట్టుంది. పోనీ, మీ నోటితో మీరే చెప్పండి, పనికొస్తుందా?”

“అమ్మా...”

“మొహమాటం వద్దు. చెప్పండి.”

“తలుపు కాస్త దగ్గరకి వేస్తారా?”

“ఎందుకండీ?”

“హెడ్మాస్టరుగారికి కూడా చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. అమ్మాయి... అమ్మాయి సరిగ్గానే వాయించింది.”

“ఆఁ?”

“ఒక్క స్వరం తప్పలేదు. తప్పింది నేను. ఏడాదిగా నా కుడి చెవి పోయింది. ఎడమది కూడా అంతంతమాత్రం. సన్నటి స్వరాలు అసలు వినపడవు. ఆవేళ క్లారినెట్ పైస్థాయికి వెళ్లేసరికి నాకంతా నిశ్శబ్దం. అయిపోయిందనుకుని డ్రమ్ములకి చెయ్యి ఊపేశాను. మొత్తం రసాభాస అయింది.”

“మరి... మా పిల్లదే తప్పనుకున్నారా?”

“అనుకున్నాను.”

“నిజంగా అనుకున్నారా మాస్టారూ?”

“...లేదు. అనుకోలేదు. జనం నవ్వుతున్నారు. తప్పు ఎవరో ఒకరిది కావాలిగా. ముందు వరసలో అమ్మాయి కనిపించింది.”

“కనిపించిందని దాని మీదికి తోసేశారా?”

“ఏమైనా అనండమ్మా. తిట్టండి.”

“నాలుగు రోజులుగా నేనే తిడుతున్నాను దాన్ని. అన్నం ముందు కూర్చోబెట్టి మరీ తిట్టాను. అది మారు మాట్లాడలేదు.”

“రేపు ప్రార్థన దగ్గర అందరి ముందూ చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ.”

“ముందు దానికి చెప్పండి. ఏమే! లోపలికి రా! తప్పు నీది కాదటే, మాస్టారే చెబుతున్నారు!”

“తెలుసమ్మా. అరవకు.”

“తెలుసా? తెలిసి నోరు మెదపలేదేం?”

“మాస్టారికి వినపడదని మా బ్యాండులో అందరికీ తెలుసు. బయటికి పొక్కితే తీసేస్తారని అందరం ఒట్టేసుకున్నాం.”

“ఏమంటోందమ్మా? గుమ్మంలోంచి మాట్లాడితే నాకు...”

“ఉండండి మాస్టారూ. మరి కోర్సు ఎందుకు వద్దన్నావే? గొణగకు, సరిగ్గా చెప్పు... ఆ... అందుకా?”

“ఏమందమ్మా? నన్ను తిడుతోందా?”

“లేదు మాస్టారూ. తను రోజూ ఎదురుగా కూర్చుంటే మీరు తలెత్తి పాఠం చెప్పలేరని మానుకుందట.”