లస్మయ్య ఒంటి వేడి

లస్మయ్య కథ మొదలుపెట్టాడంటే ఎదుటివాళ్ల గ్లాసుల్లో చాయ్ మీగడ కట్టాల్సిందే. ఆ శుక్రవారం మధ్యాహ్నం కూడా అంతే. దోహా బర్వా అల్ బరాహాలో, కూలీల క్యాంపు పక్కనున్న టీ దుకాణంలో, ఏసీ గాలి తగలని మూల చూసుకుని కూర్చున్నాడాయన. ఎదురుగా ఆయన గదిలోనే ఉండే నర్సింగ్, గయాజ్ కూర్చున్నారు.

నర్సింగ్ చూపంతా లస్మయ్య అంగీ జేబు మీదే ఉంది. ఆ జేబులో గది ఏసీ రిమోట్ ఉంది. వయసులో పెద్దవాడని రిమోట్ ఆయన చేతికిచ్చారు, అంతే, అది మళ్లీ ఇంకొకరి చేతికి రాలేదు. "సలి వడదు తమ్మీ, కీళ్లు గుంజుతయ్" అంటూ ఇరవై తొమ్మిది మీద పెట్టి, టీకి పోయినా జేబులో వేసుకునే పోతాడు. జూన్ నెల దోహాలో ఆ గదిలో నిద్రెక్కడిది? నిన్న సైటులో ఇనుప సలాకలు కడుతూ నర్సింగ్ కునికిపాట్లు పడ్డాడు. ఇంకోసారి కళ్లు మూస్తే ఇంటికి పంపిస్తానని ఫోర్మన్ గట్టిగానే చెప్పాడు. అందుకే ఇవాళ అటో ఇటో తేల్చుకుందామని వచ్చాడు.

ఈలోగా గయాజ్ ఫోన్లో మంచులో కూరుకుపోయిన బండి వీడియో ఒకటి చూపించాడు. అదే తప్పయింది.

"గిదొక మంచా గయాజ్ భాయ్?" అన్నాడు లస్మయ్య. "నేను అరబ్బాయన ఇంట్ల డ్రైవర్‌గ ఉన్నప్పుడు ఆయన జార్జియా వోయిండు, నన్ను గూడ తీస్కవోయిండు. ఒకనాడు పొద్దుగాల పాలకని ఫోర్‌వీల్ బండి తీసిన. మోకాల్లోతు మంచు. చక్రాలు గిర్రున తిరుగుతున్నయ్, బండి జరుగుతలేదు. ఇంకోడైతే ఆక్సిలేటర్ తొక్కి ఇంకింత లోపలికి దించుతుండె. నేను దిగి చూసిన. ఎన్క చక్రాలే తిరుగుతున్నయ్, ముందటియి సప్పుడు లేవు. అంటే ఫోర్‌వీల్ పడలే. లివర్ గడ్డగట్టింది."

"మరేం జేసినవ్?" అన్నాడు గయాజ్.

"ఫ్లాస్కుల చాయ్ ఉండె, లివర్ మొదట్ల వోసిన. మెత్తగ పడ్డది. టైర్లల్ల గాలి కొంచెం తీసిన, మనం ఇక్కడ ఇసుకల తీస్తం సూడు, అట్ల. కాళ్ల కింది మ్యాట్లు చక్రాల ముందట వరిచిన. యల్లా అన్న, బయటికొచ్చింది."

ఇంతవరకు నర్సింగ్‌కు నచ్చింది కూడా. ఎడారి సైటులో పికప్ దిగబడితే గాలి తీయడం అందరూ చూసిందే. అక్కడితో ఆపితే లస్మయ్యకు మంచి పేరే ఉండేది, కానీ ఆపితే ఆయన లస్మయ్య ఎందుకవుతాడు?

"అటెన్క ఏమైందో ఎర్కేనా? కొండెక్కుతుంటె మంచు నడుముల దాక వచ్చింది, గడియల బండి టాప్ దాక వచ్చింది. పొగ గొట్టం మూస్కపోయింది. దాన్ని చేత్తోని తవ్విన, అద్దాలు దించిన, లేకుంటె ఆ పొగ లోపల్నే నిండి పాణం తీస్తది. ఇగ బ్యాటరీ సచ్చిపోయింది. మైనస్ నలభై."

"నీకు సలి వెట్టలేదా కాకా?" అన్నాడు నర్సింగ్. నిజంగా ఏ ఆలోచనా లేకుండానే అడిగాడు.

"నాకా? నాది పుట్టుకతోనే వేడి ఒళ్లు తమ్మీ. అంగీ ఇప్పిన, బనీను గూడ ఇప్పిన. బ్యాటరీ ఊడదీసి పసిపిల్లగాన్ని ఎత్తుకున్నట్టు పొట్టకు అదుముకున్న. ఫుల్ ఛార్జ్."

నర్సింగ్ గ్లాసు కింద పెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అంగీ లేకుంట ఎంతసేపున్నవే?"

"తెల్లారేదాక."

"దుప్పటన్న కప్పుకుంటివా?"

"దుప్పటెందుకు, చెమటలు వడ్తయ్. అరబ్బాయన పిల్లలకు ఇచ్చిన."

"నువ్వు పాలకు ఒక్కనివే వోయినవ్ గద," అన్నాడు గయాజ్.

"మధ్యల ఎక్కిన్రు లే," అన్నాడు లస్మయ్య తడుముకోకుండా.

"చెప్పనియ్ భాయ్," అని నర్సింగ్ గయాజ్ కాలు తొక్కాడు. గయాజ్‌కు సంగతి అర్థమై నవ్వును గ్లాసులో దాచుకున్నాడు. "సలికి నీకేం కాలేదన్నట్టు?" అన్నాడు నర్సింగ్.

"నాకేమైతది? ఒక గుడ్డెలుగు వణుక్కుంట వచ్చి నా పక్కపొంటి పండింది. తెల్లారినంక లే అంటె లేవది. ఇగ నేను బానెట్ మీద వెల్లకిల వడుకున్న. ఇంజన్ వేడెక్కింది, సుట్టుముట్టు మంచు కరిగి వాగైంది. ఆ వాగుల బండి పడవ లెక్క తేలుకుంట ఊర్లెకొచ్చింది. ఊరోళ్లంత నా సుట్టు నిలవడి చేతులు కాపుకున్నరు."

పక్క బల్లవాళ్లు కూడా కుర్చీలు తిప్పి వింటున్నారు. నర్సింగ్ మెల్లగా చెయ్యి చాపి, రెండు వేళ్లతో లస్మయ్య జేబులోంచి రిమోట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"మైనస్ నలభైల గుడ్డెలుగుకే ఎచ్చదనం ఇచ్చినోనివి. ఇరవై తొమ్మిదికి ఒక్కటి తగ్గిస్తె కీళ్లు గుంజుతయంటివి. గుడ్డెలుగుది అబద్ధమా కాకా, కీళ్లయి అబద్ధమా?"

దుకాణమంతా గొల్లుమంది. లస్మయ్య రిమోట్ వంక చూశాడు, పక్క బల్లల వంక చూశాడు. ఇటు చూస్తే ఒళ్లు, అటు చూస్తే కథ. చాయ్ చివరి గుక్క తాగి, రిమోట్‌ను నర్సింగ్ వైపు తోశాడు.

"కీళ్లయే అబద్ధం. సలికి మీరు ఓర్సుకోరని పాపమని పెంచి వెట్టిన."

గదికి పోగానే నర్సింగ్ ఏసీ ఇరవై రెండుకు దించాడు. చల్లగాలికి ప్రాణం లేచొచ్చింది. మూల మంచం మీద లస్మయ్య మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. చూస్తుంటే నర్సింగ్‌కు జాలేసింది. తన దుప్పటి తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

"నాకెందుకు?" అన్నాడు లస్మయ్య, తల తిప్పకుండా.

"నీకు కాదే. గుడ్డెలుగు వస్తె దానికి కప్పు."