నీలిమ కంప్యూటర్‌కు సుధాకర్ పెంచిన స్పీడు

వికారాబాద్ బస్టాండ్ ఎదురుగా నాగవ్వ హోటల్ ఉంది. హోటల్ అంటే రెండు బెంచీలు, ఒక స్టవ్వు, పైన రేకులు. సాయంత్రం పూట అక్కడ సుధాకర్ లేకపోతే మాకు చాయ్ తాగినట్టే ఉండదు. ఆయన తాండూరు మనిషి. అక్కడ కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడిపి, అది మూసేసి, ఇక్కడికొచ్చి జిరాక్స్ సెంటర్ పెట్టుకున్నాడు. చెప్పే కథలన్నీ మాత్రం ఇప్పటికీ తాండూరువే.

ఆ రోజు ఆయన పక్కన ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. పాండురంగం సేటు. తాండూరులో బండల పాలిష్ యూనిట్ ఉన్నాయన, సుధాకర్‌కు పాత దోస్తు. ఇక్కడ బడిలో పనిచేసే తన బిడ్డ నీలిమను చూసి, తిరిగి పోతూ తాండూరు బస్సు కోసం ఆగాడు. మా వంశీ లెక్కలు చెప్పేదీ ఆ బడిలోనే. నీలిమ అక్కడ పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంది. వంశీ సేటుకు నమస్తే పెట్టి, అంతటితో ఊరుకోకుండా, "సుధాకరన్నా, నీ తాండూరు కంప్యూటర్ కత జర చెప్పు. ఇయ్యాల సాక్షి గూడ ఉన్నడు" అన్నాడు.

సుధాకర్ సేటు దిక్కు చూశాడు. సేటు చిన్నగా నవ్వి, చెప్పు చెప్పు అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇక ఆపేవాళ్ళు లేరు. సుధాకర్ మొదలుపెట్టాడు.

గా మిషన్ ఇయ్యాల ఉంటెనా, నేను గీ బెంచి మీద కూసోని మీకు కతలు చెప్పుకుంట ఉందునా? పోనియ్యి. పోయినదాన్ని తలుసుకుంటె ఏమొస్తది. మీరు అడిగిండ్రని చెప్తున్న గని, చెప్పినప్పుడల్ల నాకు బాధనే. సేటు బిడ్డ నీలిమ ఉన్నది సూడు, మస్తు తెలివిగల్ల పిల్ల. హైదరాబాద్‌ల సదువుకోనొచ్చి, నాయిన యూనిట్ మీది రూంల కంప్యూటర్ పెట్టుకున్నది. ఎవరన్న ఇల్లు కడుతున్నమంటె వాళ్ళ ప్లాన్ తీస్కోని, మన బండలు పరిస్తె హాలు ఎట్ల కనవడ్తది, మెట్లు ఎట్ల కనవడ్తయి, పొద్దుగాల ఎండ వడ్తె రంగు ఎట్లుంటది, ఫోటో తీసినట్టు తయారు చేసి సూపెట్టేది. టైల్స్ ఏపిస్తమని వచ్చినోళ్ళు గూడ గా బొమ్మ సూసి బండలకు మర్లేటోళ్ళు. అవునా కాదా సేటు?

"అవును," అన్నాడు సేటు. "గది నిజమే."

ఇన్నరు గద. గని మిషన్ సతాయించేది. ఆమె కొత్త ర్యామ్ తెచ్చి ఏసింది. ర్యామ్ అంటె నాగవ్వా, నువ్వు చాయ్ పోసెటప్పుడు గ్లాసులు పేర్చుకునే బల్ల అనుకో. బల్ల పెద్దగుండి చెయ్యి జల్ది ఆడితె ఇంతమందికి ఒక్కపారే పోస్తవ్. ఆమె తెచ్చింది మంచిదే, స్పీడుదే, గని మిషన్ లోపటి మదర్ బోర్డు దానితోని కుదురుకోలె. స్పీడు పెడితె బొమ్మ నడుమల మిషన్ బిగుసుకపోయేది, తెర నీలంగయ్యేది. తగ్గిస్తె ఒక్క బొమ్మకు తెల్లారేది. పిల్ల పరేషాన్. నేను పోయి సూసిన. సూడంగనే తెల్సింది, బోర్డుల బయోస్ పాతది. బయోస్ అంటె ఏంది? మనిషి నిద్రలకెళ్ళి లేవంగనే కండ్లు తెరుస్తడు, కాళ్ళు సేతులు కదుపుకుంటడు, ఎవరన్న చెప్తరా? గట్లనే బోర్డు లేవంగనే తన ఒంట్ల ఏమేం ఉన్నయో తడుముకునే తెలివి. గది పాతదైతె కొత్త ర్యామ్‌తోని ఎట్ల మెలగాల్నో దానికి తెల్వది. కంపెనీ కొత్త బయోస్ ఇడుస్తది, పెన్‌డ్రైవ్‌ల ఏసుకోని బోర్డుకు ఎక్కియ్యాలె. చిన్న పనే. గని ఎక్కుతున్నంతసేపు మిషన్ బంద్ గావద్దు. బందయిందా, బోర్డు ఇగ లెవ్వది.

"గందుకే చానమంది ముట్టుకోరు," అన్నాడు వంశీ.

ముట్టుకోరు. నేను ముట్టుకున్న. గా దినం హైదరాబాద్ నుంచి పెద్ద బిల్డరు వస్తున్నడు, మాపటికి, బొమ్మలు సూడనీకి. నీలిమ ఏమన్నదో తెలుసా? ఇయ్యాల వద్దు కాకా, మెల్లగనన్న నడుస్తున్నది గద, వాళ్ళు పోయినంక రేపు చేద్దాం అన్నది. నేను ఇననే లేదు. వాళ్ళొచ్చేటాల్లకు గుర్రం లెక్క ఉరికిస్త, నువ్వు ఫికర్ చెయ్యకు అన్న. కుర్సీలకెళ్ళి ఆమెను లేపి నేను కూసున్న. ఆ పిల్లను కీబోర్డు గూడ ముట్టనియ్యలె.

సేటు ఏదో అడగబోయి ఆగాడు. సుధాకర్ అది చూసుకోలేదు.

పెన్‌డ్రైవ్ పెట్టిన. తెర మీద ఎంత ఎక్కిందో సూపే గీత నడుస్తున్నది. సగం దాటింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గీత ఆగింది. ముందటికి పోదు, ఎనుకకు రాదు. ఎంతసేపు సూసినా అక్కడ్నే. ఇంకొకడైతె బుగులువట్టి బటన్ ఒత్తి బంద్ చేస్తుండె. నేను ఒత్తలె.

ఇక్కడ ఆయన గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. గ్లాసులో ఉన్న చాయ్ తాగాడు. "ఒత్తలె," అని మళ్ళీ అన్నాడు. తర్వాత గొంతు పెంచాడు.

గప్పుడే కరెంటు వోయింది. కరెంటు వోతె ఆదుకునే యూపీఎస్ బ్యాటరీ సూస్తె ఎప్పుడో ఉబ్బిపోయి ఉన్నది. నేనేం చేసిన, కిటికిలకెళ్ళి కింద ఆగి ఉన్న ఆటో ఆయనకు కేకేసి రేస్ ఇయ్యమన్న, ఆటో బ్యాటరీకెళ్ళి వైర్లు పైకి గుంజిన. గుంజితె మూరెడు తక్కువొచ్చినయి. ఏం చెయ్యాలె? ఒక కొస గీ చేతిల, ఒక కొస గా చేతిల పట్టుకున్న. కరెంటు నా ఒంట్లకెళ్ళి బోర్డుకు పోయింది. ఎంటికలు నిక్కి నిలవడ్డయి, చేతి గడియారం ఎనుకకు తిరిగింది, జేబుల ఉన్న ఫోను దానంతట అదే ఛార్జింగు ఎక్కింది. గీత మల్ల నడిసింది.

"సచ్చిపోతుంటివి గదనే," అన్నది నాగవ్వ.

చావలే. నాలుక మీద ఇనుము రుచి శాన దినాలున్నది, అంతె. బోర్డు లేచింది, ర్యామ్‌ను గుర్తువట్టింది. గప్పుడు కొద్దికొద్దిగ స్పీడు పెంచుకుంట పోయిన. కంపెనీ ఇంతనే అని రాసిన గీటు దాటిపిచ్చిన, గదాన్నే ఓవర్‌క్లాక్ అంటరు. తెల్లారేదాంక పట్టే బొమ్మ చాయ్ సల్లారకముందే వచ్చింది. ఇంకింత పెంచిన. మౌస్ నొక్కకముందే వచ్చింది. ఇంకింత. పునాది తవ్వని ఇంటిది గూడ వచ్చింది, అండ్ల గా ఇంటామె పొయ్యి కాడ నిలవడి పప్పుకు పోపు పెడుతున్నది, మాకు వాసన గూడ వచ్చింది.

"వేడెక్కదా అన్నా?" అడిగాడు వంశీ.

వేడా? మిషన్ కింద పరిచిన బండ ఎర్రగయింది. సేటు ఇంటామె అనసూయ వదినె మాపటి జొన్నరొట్టెలు దాని మీదనే కాల్చింది. మిషన్ల ఉన్న చిన్న ఫ్యాను గాలికి పైన పెద్ద ఫ్యాను ఉల్టా తిరిగింది. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ దిక్కు లైట్లన్ని డిమ్మయితె, షిఫ్టు దిగినోళ్ళు బైకులేసుకోని వచ్చి ఏం చేస్తున్నరని అడిగిండ్రు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిషన్‌ల గడియారం ముందటికి ఉరికింది. మనకు సోమారం, దానికి మంగళారం. రేపటి కందుల ధర ఇయ్యాలనే తెర మీద. మార్కెట్ యార్డుల వ్యాపారస్తులు మెట్ల మీద లైను కట్టిండ్రు. మోమిన్‌పేట రైతులు బస్సులల్ల వచ్చి వాన ఎప్పుడు వడ్తదని అడిగి, ఇత్తనాలకు టైము రాసుకోని పోయిండ్రు. సరిహద్దు అవుతలికెళ్ళి కన్నడపోళ్ళు వస్తె, ఎవరు నేర్పకున్నా దానంతట అదే కన్నడంల జవాబు చెప్పింది.

"మరి బిల్డరు?" అన్నది నాగవ్వ.

బిల్డరు వచ్చిండు. కారు దిగకముందే ఆయన మనసుల ఉన్న ఇల్లు తెర మీద ఉన్నది. సూసి కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. గీ ఇల్లు నేను నా పెండ్లానికి గూడ చెప్పలేదు, మీకెట్ల తెల్సింది అన్నడు. ఇగ తను కట్టే ఇండ్లన్నిట్ల తాండూరు బండనే పరుస్తనని నీలిమ చేతిల చెయ్యేసి చెప్పిండు.

"అంత మిషన్ ఏడికి పోయిందన్నా?" అన్నాడు వంశీ. ఇది ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగే మాటే.

గక్కడనే నాకు మనసు కలుక్కుమంటది. ఢిల్లీ నుంచి తెల్ల కార్లొచ్చినయి. గిది ఇంట్ల ఉంటె దేశానికే డేంజరన్నరు, దుప్పటి కప్పి తీస్కపోయిండ్రు. నీలిమ గేటు కాడ నిలవడి సూసింది. నా దిక్కు గూడ సూడలె. గా మిషన్ ఉంటె ఆ పిల్ల ఇయ్యాల ఎక్కడుండునో. గీడ సిన్నపిల్లలకు మౌస్ పట్టుకునుడు నేర్పుకుంట ఉండునా? దేశంల కట్టే ప్రతి ఇల్లు ముందుగాల ఆమె తెర మీద లేస్తుండె. ఏం చేస్తం. నాకు ఇప్పటికి నిద్ర వట్టదు.

మామూలుగా ఇక్కడ మేము నవ్వుతాం. తెల్ల కార్లు ఎన్ని, దుప్పటి ఏ రంగు అని ఏడిపిస్తాం. ఆ రోజు మాకంటే ముందు సేటు మాట్లాడాడు.

"సుధాకర్, గా దినం మిషన్ ముంగట కూసున్నది నువ్వేనా?"

"నేను గాక ఇంకెవరు సేటు."

"నీలిమ ముట్టలేదా?"

"చెప్పిన గద. ముట్టనియ్యలె."

"ఆటో, రొట్టెలు, తెల్ల కార్లు, గవన్ని పోనియ్యి," అన్నాడు సేటు. గొంతు పెంచలేదు. "గీ ఒక్క ముక్క నిజమా?"

సుధాకర్ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. మా అందరినీ ఒకసారి చూశాడు. అవునని తల ఊపాడు.

"నాతోని నీలిమ తనే చేసిన అన్నది," అన్నాడు సేటు. "నాయినా, నేనే ఆత్రపడ్డ, బోర్డు పోయింది అన్నది. నీ పేరే తియ్యలె."

ఆ తర్వాత ఆయన చెప్పింది సుధాకర్‌కా, మాకా, తనకు తానా అన్నది తెలియలేదు. బిల్డరు అప్పటికే వచ్చి కింద కూర్చుని ఉన్నాడట. పైన చూపించడానికి ఏమీ లేదు. ఆ మనిషి ఎదుటనే సేటు బిడ్డను తిట్టాడు. చేతకానప్పుడు గీ మిషన్లు నీకెందుకే అన్నాడు. బిల్డరు టైల్స్ దిక్కు పోయాడు. కొత్త బోర్డు వేయించుకుంటానని నీలిమ తర్వాత ఒకటి రెండుసార్లు అడిగితే, వద్దని, ఆ గదిలో శాంపిల్ బండలు పెట్టించాడు. ఇక్కడ బడిలో చేరతానని ఆమె అన్నప్పుడు, సరే, నీకు అదే మంచిది అన్నాడు. తన బిడ్డకు నిదానం లేదని, పెద్ద పని అప్పజెప్పదగ్గ మనిషి కాదని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. యూనిట్ పని ఏదీ ఆమెను అడగలేదు.

"నీ పేరు చెప్తె మన దోస్తీ పోతదనుకున్నట్టున్నది," అన్నాడు చివరికి.

సుధాకర్ మెల్లగా అన్నాడు, "నీకు తెల్సనుకున్న సేటు. తెల్సి గూడ నన్ను ఏమనలేదు, నీది పెద్ద మనసు అనుకున్న."

"నేను ఆమెను తిడుతుంటె నువ్వు ఏడున్నవ్?"

సుధాకర్ ఖాళీ గ్లాసు బెంచి కింద పెట్టాడు. నాగవ్వ స్టవ్వు మంట తగ్గించింది. తాండూరు బస్సు వచ్చి ఆగింది, కండక్టర్ ఊరి పేరు అరుస్తున్నాడు. సేటు లేచాడు. బస్సు దిక్కు పోలేదు. రోడ్డు దాటి ఆటో ఆపి, ఆలంపల్లి అన్నాడు. నీలిమ ఉండేది అక్కడే. గంట కింద ఆయన వచ్చింది అక్కడినుంచే.

మర్నాడు సాయంత్రం వంశీ చెప్పాడు. బడిలో నీలిమ అన్నదట, నిన్న మా నాయిన రెండుసార్లు వచ్చిండు, ఎందుకో తెల్వది అని. రెండోసారి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగాడు. ఏం వండినవ్ అన్నాడు. మాటిమాటికీ ఏదో మొదలుపెట్టి, ఆపి, గోడల దిక్కు చూశాడు. ఆరోగ్యం బాగా లేదేమోనని ఆమె భయపడి నుదురు ముట్టి చూసిందట. ఏం లేదు అన్నాడు.

వంశీ చెబుతున్నంతసేపూ సుధాకర్ అక్కడే ఉన్నాడు.

పోయేముందు గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ సేటు అడిగాడట, "బిడ్డా, గప్పటి బోర్డులు ఇప్పుడు గూడ దొరుకుతయా?"

"అవి ఇప్పుడు వస్తలెవ్వు నాయినా," అన్నదట నీలిమ. "వచ్చినా, నాకు గా పని యాదికి లేదు."