సంఘం పెట్టినవాడు

బరంపురంలో పార్సిళ్లు పంచేవాళ్లకు సంఘం పెట్టిన భీమేశ్వరరావును కంపెనీ గోడౌన్ మేనేజరును చేసింది. మర్నాడే అతను పైడయ్యను లోపలికి పిలిచాడు.

“సంఘం కాయితమ్మీంచి నీ సంతకం తీసెయ్‌రా పైడయ్యా. లేపోతే నీ ఐడీ ఆపేసి, పార్సిళ్లివ్వొద్దన్నారు కంపెనీవోళ్లు.”

“నీ మాట మీదే పెట్టాను గదన్నా! వానలో పార్సిళ్లట్టుకెల్తా బండి జారి మన లక్ష్ముడి కాలిరిగితే, మీరు మా పనోళ్లు కాదని కంపెనీవోళ్లన్నారని నువ్వే ఏడిసినావు.”

“ఇప్పుడు నా సేతిలో ఏటీ లేదురా.”

“మరి లక్ష్ముడికేటి సెప్పమంటావు?”

“నేనే ఎల్లి సెప్తాను.”



“వొద్దన్నా. నువ్వు మేనేజరువైనావని, ఇంక మన కష్టాలు తీరిపోనాయని ఆడు నిన్న మంచమ్మీదే సంబరపడిపోనాడు. ఆ సంబరం ఇంకో రెండ్రోజులుండనీ. నా ఐడీ మాత్రం ఇప్పుడే ఆపెయ్.”