అత్తగారు మానేసిన మాట

బట్టలు కుట్టే చిన్న కొట్టు. అత్తగారు కాజాలు కుడుతోంది, కోడలు ఆగిపోయిన మిషను ముందు కూర్చుంది.

“మళ్లీ ఆగిందా ఆ... ఆ... దిక్కుమాలిన మిషను?”

“ఆగింది అత్తయ్యా. వెధవ మిషను అనబోయి మింగారెందుకు? అనేయండి, అదేం ఏడవదు.”

“ఆ మాట మానేశాను.”

“మీరా! తెల్లారి లేస్తే వెధవ చలి. కొళాయి రాకపోతే వెధవ నీళ్లు, వస్తే వెధవ మోత. మామయ్యగారిని అంటే విసుగు. మీ అబ్బాయిని ‘ఓరి వెధవా’ అంటే మాత్రం అన్నం కలిపి ముద్ద పెట్టినట్టుండేది.”

“పక్క కొట్టువాణ్ణి అంటే?”

“అది నిఖార్సైన తిట్టు. మాట ఒకటే, గుడ్డని బట్టి కుట్టు మార్చేవారు.”

“తెలియక అన్నాన్లే.”

“ఇప్పుడేం తెలిసిందేం?”

“జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన టీచరమ్మ చెప్పిపోయింది. మొగుడు పోయిన ఆడదాన్ని విధవ అనేవారట. నోళ్లలో నానీ నానీ వెధవ అయిందట. ఆ తర్వాత పనికిమాలిన మగాడికల్లా అదే పేరట. చూశావా గొప్పతనం! మొగుడు పోయిందేమో ఆడదానికి, దాని పేరేమో తిట్టయి కూర్చుంది. ఏడవడానికి ఒకరు, సిగ్గుపడడానికి ఇంకొకరు!”

“అబ్బో, ఆ లెక్కన ఈ కొట్లో ఉన్న ఇద్దరమూ వెధవలమేగా అత్తయ్యా.”

“నవ్వుతావేమే! నామీద పడితే పడనీ, మొద్దుబారిన తోలు. అబ్బాయి పోయాక ఆ మాట నోరు జారితే నీకే తగులుతుందనిపించింది. అందుకే నాలుక కొరుక్కుంటున్నాను. సగం తెగింది కూడాను.”

“అత్తయ్యా...”

“ఆ చూపులొద్దు. మెకానిక్కి ఫోన్ చెయ్యి.”

“వద్దు.”

“ఏం?”

“ఏం లేదు. వద్దంతే.”

“ఏం లేనిదానికి చెవులెందుకు ఎర్రబడ్డాయి? ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు.”

“ఏమీ అననివాడు సూది మార్చడానికి పూటంతా కూర్చుంటాడా? చెప్పవే!”

“పెళ్లి చేసుకుందామన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“ఇక రావద్దన్నాను. ఉన్న ఒక్క కొడుకూ పోయాడు, నేనూ పోతే మీకెవరున్నారు?”

“ఆహా! ఎంత త్యాగం! సెంటర్లో విగ్రహం పెట్టిద్దామా? దండ నేనే వేస్తాలే. వెధవ త్యాగాలూ నువ్వూను!”

“అన్నారు! అత్తయ్యా, అనేశారు!”

“అంటాను. వందసార్లంటాను. అతనంటే నీకిష్టమా కాదా?”

“ఇష్టం సంగతి కాదు...”

“ఇష్టమా, కాదా?”

“ఇష్టమే. కానీ మీరు...”

“నేనేమన్నా నీ నెత్తినెక్కి కూర్చున్నానా, దిగమంటే దిగకుండా?”

“కోప్పడకండి. ఈ మిషనుకి వేరే మెకానిక్కుని పిలుద్దాం. ఇదీ నా ప్రాణానికే వచ్చింది. ఒకవారం బెల్టు ఊడుతుంది, ఒకవారం బాబిను కేసు మాయం, ఇవాళ సూది బిగించే స్క్రూ లేదు. దీనికేం పోయేకాలమో!”

“వేరేవాడొద్దే తల్లీ, నా పరువు పోతుంది. ఆ కళ్లజోడు పెట్టె తెరువు. స్క్రూ అందులో ఉంది.”

“మీరా తీసింది! అయ్యయ్యో, అతనికి తెలిస్తే ఏమనుకుంటాడు?”

“రెండోసారి వచ్చినప్పుడే కనిపెట్టాడు. నోరు మూసుకుని వస్తూ ఉండమన్నాను.”