బెన్హర్ దిగిన ట్యాంకు

ముందు అలారం కొట్టాలి, ట్యాంకులో గాలిని పరీక్షించాలి, మాస్కు, గాలి సిలిండరు తగిలించుకోవాలి, ఆ తర్వాతే దిగాలి. రసాయనాల ఓడల శిక్షణలో కోటబొమ్మాళి కుర్రాడు ఇవేవీ చేయకుండా, మనిషికి బదులు పడేసిన బొమ్మను కాపాడటానికి దిగిపోయాడు. శిక్షకుడు అతణ్ణి పైకి లాగాడు.

"ఒరే, నువ్వు సచ్చిపోనావురా!"

"మనోడు పడిపోతే సూస్తూ నిలబడమంటారేటి సార్? మా ఊళ్లో నూతిలో ఎవులైనా పడితే ఎనకే దూకీస్తాం."

"నూతిలో నీళ్లుంటాయిరా. ఇక్కడుండేది విషపు గాలి!"

"మీకు భయం సార్."

"భయమేరా! మా తమ్ముడు బెన్హర్ నీలాగే, ఓడ ట్యాంకులో పడినోడి ఎనకే దూకీసినాడు. ముందు పడినోణ్ణి మాస్కులేసుకున్నోళ్లు బతికించీసినారు. మావోణ్ణి పెట్టెలో తెచ్చుకున్నాం."

కుర్రాడు ట్యాంకు దగ్గర్నుంచి వెనక్కి జరిగి మాస్కు అందుకున్నాడు.

"ముందు అలారం కొట్టు. మళ్లీ మొదట్నుంచి సెయ్యి!"

ఎవరి వెనకైనా దూకబోయే ముందు, మీరూ ఒక్కసారి బెన్హర్‌ను తలుచుకోండి.