రొట్టెలో దిగబడిన పన్ను

"అవ్వా, బ్రష్ పెడితే చాలు చిగుర్లలో రక్తం వస్తాంది. నాలుగు దినాలాయ, తోముకునేది మానేసినా."

మానేసినావా? శబాష్! మీ తాతకు తగిన మనవరాలివే. కూచో ఈడ.

నాకూ ఇట్లనే వచ్చింది పాపా. అప్పుడు నాకు నలభై... కాదు, మీ నాయన పదో తరగతి, అంటే ముప్పై ఎనిమిదేమో. పోనీలే. ఆళ్ళగడ్డలో బస్సెక్కి నంద్యాలకు పోయినాం, పండ్ల డాక్టరు కాడికి. ఆయన సన్న పుల్లతో చిగుర్లు గుచ్చి చూసి, "పండ్లు బాగుండాయమ్మా, రోగం చిగుర్లది. పాచి గట్టిపడి చిగుర్ల కిందికి దిగింది, గీకల్ల. లేకుంటే లోపల ఎముక కరిగిపోతాది" అన్యాడు. అంత తేటగా చెప్పినాడు.

మీ తాత వింటేగా! గోడలు కట్టే మేస్త్రీ కదా ఆయప్ప, లోకమంతా ఇటుకలే. బయటికి తోలుకొచ్చి, "ఆ పాచే సిమెంటు మాదిరి పండ్లను పట్టుకోనుండాది. గీకితే గోడ నిలుస్తాదా?" అన్యాడు. నాకూ నిజమే అనిపిచ్చింది, అదీ నా తెలివి! చాగలమర్రిలో మా చిన్నమ్మ కోడలు గీకిచ్చుకుంటే పండ్లు కదిలినాయంట, అదొక సాక్ష్యం. ముందే కదులుతాండే పండ్లను పాచి కప్పిపెట్టిందని అప్పుడు ఎవురికి తెలుసు?

ఇంగ మా అత్త. నశ్యం డబ్బీ నడుములోనే ఉంటాండె, పావలా డబ్బీ. "చిగుర్లకు రుద్దు, రక్తం ఆగుతాది" అనె. రుద్దినా. ఆగింది! మీ తాత మీసం మెలేసి, "డాక్టరుకు నేనే చదువు చెప్పల్ల" అన్యాడు. పొగాకు రక్తాన్ని ఆపింది గానీ రోగాన్ని ఆపలేదు పాపా. అది లోపల్లోపల తింటానే ఉండాది.

ఒకనాడు జొన్నరొట్టె కొరికితే ముందు పన్ను రొట్టెలోనే దిగబడిపోయింది. తెల్లగా ఉండాది, పుచ్చు ల్యా, పురుగు ల్యా. నంద్యాలకు తీసుకపోతే అదే డాక్టరు అరచేతిలో పెట్టుకోని, "ఈ పంటికి ఏ రోగమూ లేదమ్మా. దాన్ని పట్టుకునేందుకు ఎముకే మిగల్లేదు" అన్యాడు. మీ తాత గోడ పక్క చూస్తా కూచున్యాడు. సిమెంటు మాట ఎత్తితే ఒట్టు!

తర్వాత ఇంకో మూడు. చర్చిలో ముందు నిలబడి పాడేదాన్ని నేను. "స్తోత్రం" అంటే గాలే వచ్చె. ఎవురూ పొమ్మనలేదు, నేనే పోయి వెనక బెంచీలో కూచున్యా. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

నీకింకా టైముంది. మెత్తని బ్రష్‌తో మెల్లగా తోము, మానొద్దు. రేపు పొద్దున బస్సుకు డాక్టరు కాడికి నేనే తోలుకపోతా. మీ నాయనను అడిగేది ల్యా, ఆయనా మేస్త్రీ కొడుకే.

ఏదీ, నోరు తెరువు. ఇంకా పెద్దగా... ఊఁ, గట్టిగానే ఉండాయి. చల్లగుండు తల్లీ. నా వయసొచ్చినా నీ రొట్టె నీ పండ్లతోనే కొరుక్కో. నా రొట్టె మాత్రం మజ్జిగలో నానెయ్యిపో...