దుప్పట్లో డైవింగ్

పరాయి దేశంలో సముద్రపొడ్డు హోటలు గది. కింద రేవులో డైవింగ్ పడవ హారన్ కొడుతోంది. ఆవిడ బిగుతు రబ్బరు సూటు తొడుక్కుని తయారుగా నిలబడింది. ఆయన దుప్పటి ముసుగేసుకుని వేన్నీళ్ళ గిన్నె మీదికి వంగి ఉన్నాడు.

"ఏమండీ, జలుబు తగ్గిందా?"

"లేదే. పొద్దుట్నుంచీ ఆవిరి పట్టుకుంటూనే ఉన్నా. ముక్కు కాస్తయినా వదల్లేదు."

"ముక్కు దిబ్బడతో నీళ్ళలోకి దిగితే చెవులు పగిలిపోతాయన్నాడుగా డాక్టరు. ఇవాళ్టికి మానెయ్యండి."

"ఏడాదిపాటు ఈత కొలనులో పడి నేర్చుకుంది మానెయ్యడానికా? నువ్వొక్కదానివే చేపల్ని చూసొచ్చి జన్మంతా నన్ను దెప్పుతావు."

"ఒట్టు, దెప్పను. అన్నట్టు, నా మాస్కు పట్టీ తెగింది. మీదెక్కడ పెట్టారు?"

దుప్పటి గిన్నె మీదికి ఇంకాస్త వంగింది.

"మిమ్మల్నే!"

"పెట్టుకున్నా."

ఆవిడ దుప్పటి లాగేసింది. కళ్ళనీ ముక్కునీ కలిపి మూసేసిన మాస్కులోంచి ఆయన బిక్కమొహం వేసుకుని చూశాడు.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! ముక్కు మూసుకుని ఆవిరి పట్టుకుంటున్నారా?"

"గిన్నెలో బామ్ వేశా కదే, కళ్ళు మండిపోతుంటేనూ... అందుకే వదల్లేదంటావా?"

"కాదు, మీ ముక్కుకి పౌరుషమెక్కువ!"

మళ్ళీ హారన్ మోగింది. ఆయన మాస్కు తీసి, దుప్పటి చెంగుతో తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు.

"వెళ్ళిరా. కానీ అన్నీ నువ్వే చూసెయ్యకు. రేపటికి నాకూ నాలుగు చేపలుంచు."

ఆవిడ మాస్కు వాసన చూసింది.

"ఈ బామ్ ఘాటుకి అవి అక్కడుంటే కదండీ!"